వడపళనిలో గుండు బల్బు

మొన్న ఫిబ్రవరిలో ఒక పాత టేపు మెషిన్‌ను కొని తెచ్చుకుందామని మద్రాసుకు వెళ్ళి, దానిని ఎవరూ ఆన్ చేయకుండా చూడడంలోనే ఒక పూటంతా గడిపాను. అమ్మదలచిన పెద్దాయన ఫోనులో అన్న మాట నిజానికి ఎంతో ధర్మమైన మాట: "వచ్చి ఆన్ చేసి చూసుకోండి తమ్ముడూ, నచ్చితేనే డబ్బులివ్వండి." ఏ వస్తువునైనా ఇలా అమ్మేవాడు దొరికితే సంతోషించవలసిందే. నేను మాత్రం ఆ మాట వినగానే కంగారుపడి, నేను వచ్చేదాకా దయచేసి దానిని ప్లగ్గు దగ్గరికి కూడా తీసుకువెళ్ళవద్దని రెండుసార్లు బతిమాలుకున్నాను. ఆయన దానిని ధర తగ్గించే ఎత్తుగడగా అర్థం చేసుకున్నాడని అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు.

అది రెవాక్స్ ఏ77. స్విట్జర్లాండులో విల్లీ స్టూడర్ స్థాపించిన కంపెనీ పెద్ద స్టూడియోల కోసం స్టూడర్ పేరుతోను, ఇళ్ళకూ చిన్న రికార్డింగు థియేటర్లకూ రెవాక్స్ పేరుతోను టేపు రికార్డర్లు తయారుచేసేది. ఏ77ను 1967లో విడుదల చేసింది. వీటిలో సాధారణ రకం టేపును సెకనుకు 3¾ లేదా 7½ అంగుళాల వేగంతో నడుపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోను పెద్దది చేసి చూస్తే ఎడమవైపు గుండీ దగ్గర 15 అనే అంకె కనబడింది. అది స్టూడియోలు వాడే వేగం. టేపు ఎంత వేగంగా నడిస్తే పై స్థాయి శబ్దాలు అంత స్పష్టంగా పడతాయి, బుసబుస అంత తగ్గుతుంది, బ్లేడుతో కోసి అతికించేటప్పుడు రెండు మాటల మధ్య అంత చోటు దొరుకుతుంది. టేపు ఖర్చు మాత్రం రెట్టింపవుతుంది. ఇంట్లో పాటలు వినేవాడు ఆ ఖర్చు పెట్టుకోడు కనుక ఈ మెషిన్ ఏదో రికార్డింగు థియేటరులో పనిచేసినదే అయివుండాలి. ఆ అంకె చూసిన వారంలోనే పినాకినికి టిక్కెట్టు తీసుకున్నాను.

రైలు ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు. బాపట్ల దాటాక నిద్రపోయి నాయుడుపేటలో లేచాను. సెంట్రల్‌లో దిగి మెట్రోలో వడపళని చేరేసరికి రెండు దాటింది. రెండో దశ మెట్రో పనుల పేరుతో ఆర్కాట్ రోడ్డును తవ్విపోసి, ఇనుప రేకులు అడ్డం పెట్టి, ఒక మనిషి మాత్రమే పట్టే సందు వదిలారు. విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉన్నదని అందరికీ తెలిసినదే. తెలుగు సినిమాల చిత్రీకరణ హైదరాబాదుకు తరలిపోయిన తరువాత కూడా పాటల రికార్డింగు చాలాకాలం ఈ వీధుల చుట్టూనే జరిగింది. అందుచేత ఇక్కడి మేడల మీది గదుల్లో, మెట్ల కింద, నీళ్ళ ట్యాంకుల పక్కన ఇప్పటికీ ఇటువంటి సామాను పడివుంటుంది. ఎక్కువ భాగం తూకానికి పోయింది, మిగిలినది పోతున్నది.

పెద్దాయనకు డెబ్బై ఏళ్ళు ఉంటాయి. వాళ్ళ అన్నగారు చిన్న డబ్బింగు థియేటరు నడిపేవారట, ఈయన లెక్కలు రాసేవాడట. పుట్టింది నెల్లూరు జిల్లాలోనే అయినా మాటలో అరవ యాస బాగా కలిసిపోయింది. దుప్పటి తీసి మెషిన్ చూపించి, "దీన్ని అన్న ఎకో మెషిన్ అనేవాడు" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. ఈ మెషిన్‌లో టేపు తాకుతూ పోయే హెడ్లు, అంటే చెరిపే తల, రాసే తల, వినిపించే తల, విడివిడిగా వరసలో ఉంటాయి. రాసే తల దగ్గర టేపు మీద పడిన గొంతు వినిపించే తలను చేరడానికి సెకనులో చిన్న భాగం పడుతుంది. ఆ ఆలస్యంగా వచ్చిన గొంతును అసలు గొంతుకు కొద్దిగా కలిపితే ప్రతిధ్వని పుడుతుంది, ఎక్కువ కలిపితే గుహలో పాడినట్లు ఉంటుంది. వేగం 15 నుంచి 7½కు మారిస్తే ఆలస్యం రెట్టింపవుతుంది. ఈ పని చేసిన మెషిన్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది కనుక తలలు బాగా అరుగుతాయి. వినిపించే తల మీద గోరు జార్చి చూస్తే టేపు వెడల్పున గాడి తగిలింది. ఆ సంగతి ఆయనకు చెప్పి, బేరంలో నాకున్న మొదటి ఆయుధం వాడుకున్నాను.

ఆయన ఇరవై రెండు వేలు అన్నాడు. ఇంతకుముందు ఫలహారశాలలకు అలంకరణలు చేసే ఒకాయన వచ్చి పద్దెనిమిది ఇస్తానన్నాడట. ముందు పలక, రెండు పెద్ద రీళ్ళు చాలునని, లోపలి సామాను తీసి పారేసి దీపాలు పెట్టుకుంటానని చెప్పాడట. అల్యూమినియం రీళ్ళు అప్పటికే అతనికి అమ్మేశాడు. వాటి మీద ఉన్న టేపు ఏమైందని అడిగితే చెత్తబండిలో వేశామన్నాడు. ఇక్కడ నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఇదే తంతు. మెరుగు పెట్టిన ముఖానికి ఒక ధర, లోపలి మోటార్లకూ తలలకూ బోర్డులకూ రాగి ధర. ఏ పాత సామాను కొట్లో చూసినా తళతళలాడే మెషిన్ ఉన్నదంటే లోపల ఖాళీ అని నేను ముందే అనుకుంటాను. ఈ మెషిన్ దుమ్ము కొట్టుకుపోయి, ఒక మీటరు గాజు పగిలి ఉండడం చూసి నేను సంతోషించడానికి కారణం అదే.

అప్పుడు ఆయన ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. పదేళ్ళు విద్యుత్తు తగలని యంత్రంలో, కరెంటును నిలవ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది, దానికి మెల్లమెల్లగా వోల్టేజి ఎక్కించాలి తప్ప ఒక్కసారి 230 వోల్టులు తగిలిస్తే ప్రమాదం. అంతకంటే పెద్ద గండం, గోడ కరెంటు లోపలికి వచ్చే చోట నిప్పురవ్వలను అణచడానికి పెట్టిన కాగితపు కెపాసిటర్లు. వాటి పై పూత కాలం గడిచేకొద్దీ సన్నగా పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి తేమ కాగితంలోకి దిగుతుంది; మద్రాసు సముద్రపు గాలికి అవి ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఇదంతా ఆయనకు వివరించాను. ఆయన ఓపికగా విని, "అయితే నడవదు అంటారు" అన్నాడు. నడుస్తుంది, కానీ ఇప్పుడు నడపకూడదు అన్నాను. "నడిచేదాన్ని నడపకూడదని చెప్పేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా" అన్నాడు. ఆయన వైపునుంచి చూస్తే అది న్యాయమే. ఆన్ చేసి చూపించకుండా అమ్మితే మోసం చేశాడన్న పేరు వస్తుందని ఆయన భయం. ఆన్ చేస్తే నేను కొనవలసిన వస్తువు నా కళ్ళముందే కాలిపోతుందని నా భయం.

మధ్యేమార్గంగా మా నాన్న గుర్తుకు వచ్చాడు. విజయవాడ గవర్నరుపేటలో ఆయనకు రేడియో రిపేరు కొట్టు ఉండేది. బల్ల పైన చెక్కకు హోల్డరు బిగించి అందులో వంద వాట్ల బల్బు పెట్టేవాడు. కొట్లోకి వచ్చిన ఏ రేడియోనైనా ముందు ఆ సీరీస్ బల్బు గుండానే కరెంటు తాగించేవాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వోల్టేజి అంతా బల్బే మింగుతుంది, రేడియో బతుకుతుంది. లోపల బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. పదేళ్ళ వయసులో ఆ బల్బు రంగు చూసి "నాన్నా, ట్రాన్స్‌ఫార్మరు పోయింది" అని చెప్పగలిగేవాడిని.

ఇక వంద వాట్ల బల్బు కోసం వెతుకులాట మొదలైంది. మొదటి కొట్టులో కుర్రవాడు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చి, ఇది వందతో సమానం అన్నాడు. వెలుతురు సంగతి ఎలా ఉన్నా, నాకు కావలసింది దాని తీగ వేడెక్కడం. రెండో కొట్టులో ఫిలమెంటు అంటే అర్థం కాలేదు, మూడో కొట్టులో నన్ను ఎగాదిగా చూశారు. అప్పటిదాకా నా వెనకాల చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న పెద్దాయన ముందుకు వచ్చి "గుండు బల్బు" అని ఒక్క మాట అన్నాడు. కొట్టువాడి ముఖం విచ్చుకుంది. తన దగ్గర లేదుగాని గుడి దాటాక పక్షులమ్మే కొట్టులో ఉంటుందని చెప్పాడు. మురుగన్ గుడి వెనక సందులో, రామచిలుకల పంజరాల మధ్య, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే బల్బులు వరసగా ఉన్నాయి. నలభై రూపాయలు. మా ఊళ్ళో పది రూపాయలకు కొన్న బల్బు అది. నేను పర్సు తీసేలోగా పెద్దాయనే డబ్బులు ఇచ్చేశాడు. హోల్డరు, వైరు, ప్లగ్గు కలిపి ఇంకో నూట ఇరవై నేను పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేసరికి అయిదున్నర. బల్బును సీరీసులో కలిపి గుండీ తిప్పాను. బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి నారింజరంగుకు దిగింది. మీటర్ల వెనక దీపాలు మిణుకుమిణుకుమంటూ వెలిగాయి. పెద్దాయన ప్లే మీట నొక్కాడు, ఏమీ తిరగలేదు. "చూశారా, పదేళ్ళ క్రితం మెకానిక్కు కూడా ఇదే చెప్పాడు, పోయిందని" అన్నాడు నీరసంగా. నిజానికి ఆ మెషిన్‌లో టేపు దారిలో ఒక చిన్న దీపం, దాని ఎదుట వెలుతురును పసిగట్టే ఒక భాగం ఉంటాయి. టేపు అయిపోయినప్పుడు వెలుతురు పడి మెషిన్ తానే ఆగిపోతుంది. టేపు ఎక్కించకుండా ప్లే నొక్కితే అది ఎప్పటికీ కదలదు. ఈ మాట చెబితే ధర పెరుగుతుందని నాకు తెలుసు. రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడ్డాను, ఆ తరువాత అగ్గిపెట్టె అట్ట చించి దీపానికి అడ్డం పెట్టి మళ్ళీ ప్లే నొక్కాను. లోపల రిలే స్విచ్చి టక్కుమంది, టేపును లాగే కాప్‌స్టాన్ ఇరుసు తిరిగింది, రీళ్ళు పెట్టే ఖాళీ కుదుళ్ళు నెమ్మదిగా కదిలాయి.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఇరవై అయిదు" అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో, లోపలినుంచి ఉష్‌మని శబ్దం, మెషిన్ వెనకనుంచి తెల్లటి పొగ, కాలిన కాగితం వాసన గదినిండా. బల్బు నిండుగా వెలిగింది. నేను ప్లగ్గు పీకాను. ఆయన వరండాలోకి పరుగెత్తి ఇంట్లోవాళ్ళను కేకేశాడు. కోడలు నీళ్ళ బిందెతో వచ్చింది, ఆవిడను ఆపడం ఇంకో పని అయింది. పోయినది నేను మొదట చెప్పిన కాగితపు కెపాసిటరేనని, దాని ధర యాభై రూపాయలు కూడా ఉండదని, మెషిన్‌కు ఏమీ కాలేదని ఎన్ని విధాల చెప్పినా ఆయన నమ్మలేదు. తనను ఓదార్చడానికి అలా అంటున్నానని అనుకున్నాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "పద్నాలుగు ఇచ్చి తీసుకుపోండి, ఈ గదిలో ఇంకొక్క నిమిషం వద్దు" అన్నాడు. పదహారు ఇచ్చాను. ఆ రెండు వేలు నా మనస్సాక్షికి కట్టిన సుంకం అనుకోండి.

సెంట్రల్ దగ్గరి లాడ్జికి వెళ్ళడానికి ఆటో ఆరువందలు. సామాను ఉన్నదని వంద అదనం, మెట్రో పనులున్నాయని ఇంకో వంద. మరునాడు పొద్దున ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీటులో కెపాసిటర్లు, ట్రిమ్మర్లు కొన్నాను. అక్కడి జనం, అక్కడి బేరాలు అందరూ ఎరిగినవే. మధ్యాహ్నం పినాకినిలో పదిహేను కిలోల మెషిన్‌ను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటులో ఒకావిడ అది గ్రైండరా అని అడిగింది. అవునన్నాను. ఏ కంపెనీ అని, రాయి అరుగుతుందా అని గూడూరు దాకా అడుగుతూనే ఉంది. అరిగింది, మార్చాలి అన్నాను. తల విషయంలో అది అబద్ధం కాదు.

ఇంట్లో పని ఆరు వారాలు పట్టింది. కెపాసిటర్లన్నీ మార్చాను, రిలేలు శుభ్రం చేశాను, గట్టిపడిన రబ్బరు చక్రం తీసి కొత్తది వేశాను. వినిపించే తలను సానబట్టి సమం చేయించడానికి మనిషిని వెతకడమే ఒక యాత్ర, అది ఇంకెప్పుడైనా. తల టేపుకు సరిగ్గా నిలువుగా నిలవాలి. వెంట్రుకవాసి ఒరిగినా పై స్థాయి శబ్దాలు మొద్దుబారతాయి. దానిని సరిచేసే ప్రమాణపు టేపు అమెరికానుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకంతో కలిపి మెషిన్ ధరలో సగం దాటింది. ఆ టేపు మీద పాటలేమీ ఉండవు, వరసగా ఈలల వంటి స్వరాలు మాత్రం ఉంటాయి. మా ఆవిడ మొదటి రోజు భరించింది, రెండో రోజు తలుపు వేసుకుంది.

మొన్న ఉగాదికి పెద్దాయనకు ఫోను చేసి మెషిన్ బాగా నడుస్తున్నదని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మళ్ళీ పొగ వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. "ఆ గుండు బల్బు మీ దగ్గరే ఉండిపోయింది తమ్ముడూ, నలభై రూపాయలు నేనే ఇచ్చాను. ఈసారి వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వండి, స్నానాల గదిలో పెట్టుకుంటాను" అన్నాడు.