డబ్బా మేం తినలేదు కదా

"పర్లేదు అక్కా, పిల్లలు లాగించేశారు. కాకపోతే ఈ ప్యాకింగ్ 120 దేనికి? డబ్బా మేం తినలేదు కదా."

పక్కన రెండు నవ్వే బొమ్మలు. నేను ఇంట్లో చేసి పంపిన కప్‌కేకుల బిల్లు చూసి, కస్టమర్ మధ్యాహ్నం పెట్టిన మెసేజ్ ఇది. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. ఇంకా జవాబివ్వలేదు. గొడవ పెట్టుకునే మనిషి అయితే నేనూ నాలుగు మాటలని పడుకునేదాన్ని. నవ్వుతూ అడిగింది, అదే తంటా.

బోడుప్పల్ పిల్ల, రెండు డజన్ల చాక్లెట్ కప్‌కేకులు. మే నెలలో బటర్‌క్రీమ్ వద్దమ్మా, డైరీ లేని విప్ క్రీమ్ పెడితే కాస్త నిలబడుతుంది అని చెప్పాను. "లేదక్కా, అసలు వెన్నే కావాలి" అంది. వెన్న 32, 35 డిగ్రీలకే కరుగుతుంది. బయట చూస్తే 41. అందుకే రాత్రే క్రీమ్ పెట్టేసి, పొద్దున్న దాకా ఫ్రిజ్‌లో ఉంచి, గట్టిపడ్డాకే డబ్బాల్లో సర్దాను. అందగానే తెరవొద్దని, మూత తీయకుండా ఫ్యాన్ కింద అరగంట ఉంచమని కూడా రాశాను. చల్లటి కేకుకి వేడిగాలి తగిలిందంటే క్రీమ్ మీద చెమట పట్టి, రంగులు కారతాయి. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆ పిల్ల చెప్పినట్టే చేసింది. మెచ్చుకోవాలి.

ఫొటో పంపింది. ఒక డబ్బా చక్కగా ఉంది. రెండోదాంట్లో చివరి వరస మొత్తం పక్కకి ఒరిగి, క్రీమ్ అంతా మూతకున్న ప్లాస్టిక్ కిటికీకి అంటుకుంది. ఎందుకో నాకు తెలుసు, బాల్కనీలోంచి చూశాను కాబట్టి. కాళ్ల దగ్గర పలకగా పెట్టు బాబూ అని చెబితే "సరే మేడమ్" అన్న డెలివరీ అబ్బాయే, గేటు దాటగానే కవర్ తీసి స్కూటర్ ముందున్న కొక్కేనికి తగిలించాడు. అరిచాను. హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్లు, ఏం వినిపిస్తుంది? అక్కణ్ణుంచి తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్, ఆ తర్వాత ఏళ్లుగా ఫ్లైఓవర్ పనులు సాగుతున్న ఆ రోడ్డు. వేలాడే సంచి ప్రతి గుంతకీ ఊగి, బ్రేక్ వేసినప్పుడల్లా హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. వాడి మీద కోపం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. కాళ్ల దగ్గర అప్పటికే ఎవరిదో పెద్ద పార్సిల్ ఉంది. ఎక్కడ పెడతాడు పాపం.

కోపం అంతా 120 మీదికి మళ్లింది. ఆ 120లో ఏముందో చెప్తాను వినండి. పన్నెండు గుంతల ట్రే ఉన్న డబ్బాలు రెండు, ఒక్కోటి 45. ఆ గుంత సైజు కప్పు అడుగుకి సరిగ్గా పట్టాలి. ఒక్క నూలు వదులైనా కేకు లోపల నాట్యం చేస్తుంది. డబ్బా ఎత్తు నాలుగు అంగుళాలు ఉండాలి, క్రీమ్ చుట్టలు పొడుగు కాబట్టి. మూడంగుళాలవి చవక, మూత వేయగానే తలలు చితుకుతాయి. బేగంబజార్ షాపాయన ప్రతిసారీ "మేడమ్, ఇంకా తక్కువలో ఉంది, చూపించనా?" అంటాడు. చూపిస్తాడు కూడా. పన్నెండు కేకులు పెట్టి ఎత్తితే మధ్యలో కుంగిపోయే అట్ట అది. మిగతా 30 ఐస్ ప్యాక్‌కి, టేపుకి, సంచికి. ఆ అట్టలు మడిచి కూర్చున్న సమయానికి పైసా వేయలేదు. (అత్తమ్మ టీవీ చూస్తూ మడిచి పెడతారు, అది వేరే కథ.)

"డబ్బా మేం తినలేదు కదా" అంటే మాత్రం ఒకటి గుర్తొచ్చింది. మేం తిన్నాం.

సంక్రాంతికి కరీంనగర్ నుంచి తాత సకినాలు తెచ్చేవాడు. ఎర్ర బస్సులో సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ దాకా, అక్కణ్ణుంచి సిటీ బస్సులో మా ఇంటికి. సకినం సంగతి తెలిసిందే. నానబెట్టిన బియ్యప్పిండి, నువ్వులు, వాము, చేత్తో తిప్పిన సన్నటి చుట్లు. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే విరుగుతుంది. అమ్మమ్మ వాటిని పెద్ద బిస్కట్ రేకు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన ఖాళీలన్నీ మరమరాలతో నింపేది. పైన కూడా గుప్పెళ్లతో పోసి, మూత నొక్కి పెట్టేది. తర్వాత డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల చప్పుడైతే మళ్లీ మూత తీసి ఇంకో గుప్పెడు. "కదిలితేనే ఇర్గుతయి బిడ్డా. కదలనియ్యకు, ఏం గాదు" అనేది. తాత దారంతా డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, కండక్టర్ పైన పెట్టమన్నా వినకుండా. ఒకసారి పక్క సీటాయన నిద్రలో డబ్బా మీద తలపెట్టి పడుకున్నాడట. పాపం అలసిపోయాడని తాత అతన్ని లేపలేదు, సిద్దిపేట దాకా అలాగే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ చూసి, ఈ డబ్బాకి తల నూనె వాసనేంటి నాన్నా అంది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా తలకి నూనె పెట్టుకుంటే సకినాలొచ్చాయా అంటాం.

డబ్బా రాగానే మేం తినేది సకినాలు కాదు, మరమరాలు. వాము, నువ్వులు రాలి వాటికి భలే రుచి వచ్చేది. ప్యాకింగ్ అంతా అయిపోయాకే సరుకు.

సరే, నాకు ఆ వీలు లేదు. కప్‌కేకుల మధ్య మరమరాలు పోస్తే ఆ పిల్ల ఇంకేం రాసేదో.

ఇందాక ఈయనతో అన్నాను, బిల్లులో ఆ ప్యాకింగ్ లైనే తీసేస్తాను, ఒక్కో కేకు మీద ఐదు రూపాయలు పెంచేస్తే 24 కేకులకి అదే 120, ఎవరూ అడగరు అని. "స్వీట్ షాపు వాళ్లు చేసేది అదేగా" అన్నారు. అక్కడే ఆగాను. పోయిన దీపావళికి అత్తమ్మ స్వీట్ షాపులో చేసిన యుద్ధం గుర్తొచ్చింది. డబ్బాతో సహా తూస్తే, డబ్బా బరువుకి కాజూ కత్లీ రేటా అని కౌంటర్ దగ్గరే నిలబడి, ఖాళీ డబ్బా పెట్టి కాటా సున్నా చేయించారు. తూనికల చట్టం ప్రకారం ఆవిడదే న్యాయం, డబ్బా బరువు తీసేసే తూచాలి. ఆ రోజు నేనూ పక్కన నిలబడి తల ఊపాను. ఇప్పుడు నేను డబ్బాని కేకులో కలిపేయనా? రెండూ ఒకటి కాదు, తెలుసు. కేకు ధర నా ఇష్టం. అయినా మనసొప్పడం లేదు. పైగా ఆ పిల్ల అడగగలిగింది నేను విడిగా రాశాను కాబట్టే. ఆలోచిస్తే అడగడంలో తప్పేముంది, అత్తమ్మ అడగలేదా? ఈ మాట రాస్తుంటే ఆ పిల్ల మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఆ రెండు నవ్వే బొమ్మల మీద ఉంది.

ఆదివారం అమీర్‌పేట ఆర్డర్. బైకు వద్దు, మెట్రోలో నేనే తీసుకెళ్తా అన్నారు ఈయన. తార్నాకలో ఎక్కితే రైలు మారక్కర్లేదు, కుదుపూ లేదు, లోపల ఏసీ. సంచిని స్కానర్ బెల్టు మీద పెట్టే దగ్గరే నా టెన్షన్. పలకగా పెట్టండి అంటే ఒక చూపు చూశారు.

బిల్లు మళ్లీ రాశాను. 'ప్యాకింగ్ 120' తీసేసి, డబ్బాలు 90, ఐస్ ప్యాక్, టేపు, సంచి 30 అని విడివిడిగా. ఇప్పుడు చూస్తే ముందుకంటే ఎక్కువ వసూలు చేస్తున్నట్టు కనిపిస్తోంది.