గోండ్వానా టేబుల్‌ని బట్టీ పట్టకండి

యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ మెయిన్స్‌కి చదువుతున్న మిత్రులకు, పేపర్ వన్ స్ట్రాటిగ్రఫీ (రాతి పొరల క్రమం, వయసు తేల్చే శాస్త్రం) గురించి నాలుగు మాటలు. తాల్చిర్, బరాకర్, కామ్‌థీ, మలేరి, కోట... గోండ్వానా అనే రాతి పొరల వర్గంలో వరసగా వచ్చే ఈ పేర్లు ఇంట్లో బాగానే వస్తాయి, హాల్లో తారుమారవుతాయి. జీఎస్ఐ (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) తొలితరం వాళ్లు ఫీల్డ్‌లో ఏం చూసి ఏం తేల్చారో చదివాకే ఇవి నాకు స్థిరపడ్డాయి.

తాల్చిర్‌నే తీసుకోండి. 1856లో బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియోబాల్డ్ ఒడిశాలో చూసిందేమిటంటే, మెత్తటి సిల్ట్ మధ్యలో పెద్ద పెద్ద బండరాళ్లు. అంత మెత్తటి మట్టి పేరుకోవాలంటే నీళ్లు నిలకడగా ఉండాలి. నిలకడ నీళ్లు బండల్ని మోయలేవు. మరి అవి ఎలా వచ్చాయి? మంచే మోసుకొచ్చి ఉంటుందన్నారు. ఎండలు మండే ఒడిశాలో నిలబడి ఆ మాట అన్నారంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత జీఎస్ఐకే చెందిన ఫెడెన్‌కి పెన్‌గంగ లోయలో, ఇరాయి దగ్గర, మంచు ఒరుసుకుపోయి గీతలు పడ్డ రాతి నేల దొరికింది. బౌల్డర్ బెడ్ (ఈ బండల పొర) మీద ప్రశ్న వస్తే ఈ తర్కాన్నే వరసగా రాసి, పక్కన చిన్న బొమ్మ వేయండి.

ప్రాణహిత-గోదావరి లోయ మన ఇంటి సబ్జెక్టు, దాన్ని వదలొద్దు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించిన విలియం కింగే, ఈ లోయ మీద 1881లో మెమోయిర్ (వివరమైన నివేదిక) రాశాడు. మలేరిలో ఎర్ర బంకమట్టి, సెరటోడస్ చేప పళ్లు, రింకోసార్ అనే సరీసృపం ఎముకలు: ట్రయాసిక్ (జురాసిక్‌కి ముందు కాలం). కోటలో సున్నపురాయి, లెపిడోటిస్ చేపలు: జురాసిక్. కింగ్ ఈ రెండింటినీ కలిపి కోట-మలేరి అన్నాడు. శిలాజాలు వేరు వేరు కాలాలవని తేలాక విడదీశారు. 'శిలాజాలతో వయసు ఎలా నిర్ణయిస్తారు' అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

బారాపాసారస్, కోటసారస్ అనే డైనోసార్లు రెండూ కోట ఫార్మేషన్‌వే. మొదటిది కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు 1975లో పేరు పెట్టింది. రెండోది యామన్‌పల్లిలో జీఎస్ఐ వాళ్లకు దొరికింది, అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. హైదరాబాద్‌లో చదువుతున్నవాళ్లు ఒక పూట వెళ్లి చూడండి.

పేలియోబోటనీకి (శిలాజ మొక్కల అధ్యయనానికి) గోండ్వానా కాలపు మొక్క గ్లోసాప్టెరిస్ ఆకు చేతికి అలవాటయ్యేదాకా గీయండి. నాలుక ఆకారం, స్పష్టమైన నడిమి ఈనె, దానికి అటూ ఇటూ వలలా అల్లుకున్న ఈనెలు. పక్కనే అలాంటిదే మరో శిలాజ ఆకు, గంగమోప్టెరిస్ కూడా వేయండి. దానికి నడిమి ఈనె స్పష్టంగా ఉండదు. తేడా అడిగితే పేరాల కంటే ఈ రెండు బొమ్మలే ఎక్కువ చెబుతాయి.