బెలూన్ సిరంజి నా చేతిలో

మాది కావలి. చెన్నైలో ఓ పెద్దాసుపత్రిలో బ్రాంకోస్కోపీ నర్సుని, అంటే సన్నటి కెమెరా గొట్టంతో (స్కోపు) ఊపిరితిత్తుల్లోకి చూసే చోట. లోపలంతా తమిళమే. తెలుగు అవసరమయ్యేది గది బయట, పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చిన మనవాళ్ల దగ్గర.

మా దగ్గర చేసే పరీక్షల్లో నాకు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది క్రయోబయాప్సీ: స్కోపులోంచి ప్రోబ్ అనే సన్నటి కడ్డీ పంపి, ఊపిరితిత్తి ముక్కని గడ్డకట్టించి తీయడం. ప్రోబ్‌లోకి కార్బన్ డయాక్సైడ్ వదిలితే దాని కొస సున్నాకి దిగువన 75 డిగ్రీల దాకా పడిపోతుంది. ఐస్ ట్రేకి తడివేలు అంటుకున్నట్టు ఊపిరితిత్తి కండ ఆ కొసకి అంటుకుంటుంది. కొన్ని సెకన్లు ఆగి ఒక్క లాగు. ముక్క పెద్దది, స్కోపు సందులోంచి రాదు. అందుకని స్కోపూ ప్రోబూ కలిపే బయటికి తీస్తారు. చిక్కంతా అక్కడే. ఆ కాసేపు లోపల రక్తం కారుతున్నా చూసే దారి లేదు. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ముందే బెలూన్ పెట్టమన్నది ఇందుకే. స్కోపు బయటపడగానే నేను సిరంజి నొక్కుతా, బెలూన్ ఉబ్బి ఆ శ్వాసనాళాన్ని మూసేస్తుంది. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, ఊపిరితిత్తి పైపొరకి సుమారు సెంటీమీటరు ఇవతలే ప్రోబ్ ఆపాలనీ చెప్పారు. మరీ అంచుకెళ్తే గాలి లీకవుతుంది.

ముక్కని ఫోర్సెప్స్‌తో పీకకూడదు, నలిగిపోతుంది. కొసని సెలైన్లో ముంచితే మంచు కరిగి తనే ఊడుతుంది. తర్వాతే ముక్క చెడకుండా ఫార్మలిన్లో వేస్తాం.

ఇవన్నీ చేత్తో చేసే పనులు, అలవాటైపోతాయి. అసలు కష్టం, వద్దన్నప్పుడు చెప్పడం. సీటీ స్కాన్లోనే జబ్బు తేలితే బయాప్సీ అక్కర్లేదు. ఊపిరితిత్తుల శక్తి బాగా తగ్గినా, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎక్కువున్నా వెనకాడతారు. ఆ నిర్ణయం ఒక్క డాక్టరుది కాదు. ఛాతీ, రేడియాలజీ, పెథాలజీ డాక్టర్లు కలిసి కూర్చుంటారు.

మొన్న నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయనకి అదే జరిగింది.

"ఇంత దూరం వస్తే ముక్క తీయకుండా పంపిస్తారామ్మా?"

"ఇంట్లో కూలర్ ఉందా తాతా? పావురాలేమన్నా పెంచుతున్నారా?"

"పెంచేదేంది, మిద్దె నిండా అవే. నేనే గింజలేస్తా."

నాకు ఆశ్చర్యమేం లేదు. 2017లో వచ్చిన మన దేశపు రోగుల రిజిస్ట్రీలో, ఊపిరితిత్తి కండ వాచి గట్టిపడే ఈ తరహా జబ్బుల్లో (ఐఎల్‌డీ) దాదాపు సగం, పక్షుల రెట్టలు, బూజు లాంటివి పీల్చడం వల్ల వచ్చే ఎలర్జీ న్యుమోనైటిస్‌వే. వాళ్లలో చాలామందికి కూలర్ గాలి అలవాటు. నేను డాక్టరుకి తమిళంలో చెప్పేలోపే ఆయన కొడుకు ఇంటికి ఫోన్ కలిపేశాడు. తాత మాత్రం, "గింజలు మానేస్తే అవేం తింటాయిరా?" అని వాడి మీద పడ్డాడు.