డాబా మీద జరిగిన వైద్యం

మా తమ్ముడికి బైపోలార్ వ్యాధి ఉంది; ఉత్సాహం, దిగులు హద్దులు దాటి మారి మారి వచ్చే మానసిక జబ్బు అది. ఆరేళ్లపాటు అమ్మే వాణ్ణి వెంటబెట్టుకుని కాకినాడ నుంచి విశాఖపట్నం వెళ్లి, డాక్టరుగారికి చూపించి, ఆ జబ్బుకు వాడే లిథియం మాత్రలు రాయించుకుని వచ్చేది. 2020 మార్చిలో బస్సులు, రైళ్లు ఆగిపోయేనాటికి ఇంట్లో మాత్రలు పన్నెండు రోజులకే మిగిలాయి. లిథియం ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చని తెలిసిన మాకు ఆ రోజుల్లో కంటి మీద కునుకు లేదు.

అయితే లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలను విడుదల చేసి ఉండటంతో, డాక్టరుగారు వీడియోలో చూసి మందులు రాయడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఫోను కలవగానే ఆయన అడిగిన మొదటి మాట, "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని. తమ్ముడు లేరన్నాడు. నిజానికి మాది రెండు గదుల ఇల్లు; అమ్మ వంటింటి గుమ్మంలో, నాన్న మంచం మీద, నేను తలుపు చాటున ఉన్నాం. అడిగినవాటన్నిటికీ వాడు "బాగానే ఉందండీ" అనే చెప్పాడు. ఆసుపత్రిలో తలుపు వేసుకుని చెప్పుకునే మాటలను మేమే వాడి నోట రాకుండా చేశామని నాకు అప్పుడు తట్టలేదు. రోగి చెప్పుకున్న మాటలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది కానీ, ఆ గోప్యతకు ఇంట్లో చోటు చూపవలసింది కుటుంబమే.

డాక్టరుగారు గ్రహించినట్టున్నారు, తర్వాతిసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డాబా మీదికి వెళ్లమన్నారు. వాడు నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని అరగంట మాట్లాడాడు. ఆ తర్వాత, వాడి అనుమతితోనే, మమ్మల్ని పైకి పిలిచారు. చేతులు ముందుకు చాపి కెమెరాకు చూపించమంటే తమ్ముడు చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. వేసవిలో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుందని, మోతాదు మార్చే ముందు రక్తపరీక్ష చేయించాలని ఆయన వివరించారు. ఆ పరీక్ష ఫోనులో అయ్యేది కాదు గనుక మర్నాడే నేను ల్యాబుకు తీసుకెళ్లాను.

వాడికి పట్టుదల లేదని అన్నేళ్లూ విసుక్కున్న నాన్న, ఏనాడూ ఆసుపత్రి గడప తొక్కని నాన్న, ఆ వేళ్ల వంకే చూస్తూ, "అయితే ఇది వాడి చేతుల్లో లేదాండీ?" అని అడిగారు. డాక్టరుగారు ఆయనకు జబ్బు గురించి పావుగంట ఓపికగా చెప్పారు.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మా తమ్ముడు మాత్రం ఒక నెల విశాఖ వెళ్తాడు, ఒక నెల వీడియోలో మాట్లాడతాడు. వీడియో రోజున, డాక్టరుగారు ఫోను చేసే వేళకు, నాన్న అమ్మను తీసుకుని బజారుకు బయలుదేరతారు.