12 సిట్టింగులు, ఒక వాటర్ టిన్ను

కిందటి ఏడాది జూలైలో ఒక ఉదయం, వంటింట్లో డిస్పెన్సర్ మీదికి 20 లీటర్ల వాటర్ టిన్ను ఎత్తబోయి సగంలో ఆగిపోయాను. కుడి పిరుదు దగ్గర మొదలైన మంట తొడ మీదుగా, పిక్క బయటివైపు నుంచి బొటనవేలి దాకా ఒక్కసారిగా పాకింది. టిన్నును దించానో పడేశానో గుర్తు లేదు కానీ, నీళ్లన్నీ గచ్చు మీద పారుతుంటే వాటి మధ్యలోనే కూర్చుండిపోయిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. నేను హనుమకొండలో జూనియర్ కళాశాల అధ్యాపకురాలిని. అప్పటికి నా వయసు 47.

డాక్టరుగారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలిని పైకెత్తి చూశారు. బొటనవేలిని పైకి లేపమని, దాన్ని తన వేలితో అదిమి బలం పరీక్షించారు. మూత్రం ఆపుకోవడం కష్టమవుతోందా, కూర్చునే భాగంలో స్పర్శ తగ్గిందా అని రెండుసార్లు అడిగారు. అలాంటివి ఉంటే గంటల మీద ఆపరేషన్ ఆలోచించాల్సి వచ్చేదని, లేవు కాబట్టి ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టవచ్చని చెప్పారు. ఎమ్మారైలో నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతున్నట్టు కనిపించింది. మనం ‘డిస్కు జారింది’ అంటాం గానీ అక్కడ జారేదేమీ ఉండదట. పూసల మధ్య దిండులాంటి డిస్కు పైపొర బలహీనపడి, లోపలి మెత్తని పదార్థం బయటికి పొడుచుకు వస్తుంది. చాలామందిలో అది కాలక్రమంలో దానంతటదే కుంచించుకుపోతుందని కూడా ఆయన చెప్పారు. అయితే ఆ ‘జారింది’ అన్న మాట అప్పటికే నా మనసులో నాటుకుపోయింది.

బంధువులు నేల మీద పడుకోమన్నారు, నువ్వుల నూనెతో మర్దన చేయించమన్నారు, నడుం బెల్టు ఇప్పవద్దన్నారు. ఫిజియోథెరపిస్టు మాత్రం రెండు రోజులకు మించి మంచం పట్టవద్దని చెప్పి, బోర్లా పడుకుని మోచేతుల మీద లేచే వ్యాయామంతో మొదలుపెట్టించారు. ఆమె నేర్పిన ఒక గుర్తు నాకు తరువాత ఎంతో పనికొచ్చింది. నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే, నడుములో కాస్త ఎక్కువైనా సరే, మంచిదే. కిందికి దిగుతుంటే మాత్రం ఆ పని ఆపాలి. అక్టోబరు నాటికి కాలిలో మంట పోయింది. ‘ఇక నా దగ్గరికి రానక్కర్లేదు మేడం, బలం పెంచుకోండి చాలు’ అని ఆమె నన్ను పంపించేశారు.

నొప్పి పోయినా భయం పోలేదు. తరగతిలో సుద్దముక్క కింద పడితే నేను వంగనని పిల్లలకు తెలిసిపోయి, ముందు బెంచీవాళ్లు తీసిచ్చేవారు. టిన్ను ఎత్తడం మావారి పనిగా మారింది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికీ సూచించిందని నాకు తెలుసు గానీ, ఇంట్లో ఒంటరిగా చేయబోతే ప్రతి కదలికకూ ఏదో అయిపోతుందేమోనని ఆగిపోయేదాన్ని. ట్రైనర్‌ను పెట్టుకుంటానంటే మా అబ్బాయి యూట్యూబ్ చూసుకోమన్నాడు. మావారు టిన్ను మూతి మీద బిగించే చార్జింగ్ పంపు ఒకటి కొనుక్కొచ్చి, ‘మూడు వందల్లో పోయేదానికి ఏడువేలెందుకు?’ అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

మొదట వెళ్లిన జిమ్ములో, రిపోర్టు చూడకుండానే ‘డిస్కు సెట్ చేసేస్తా’నని ఒకతను మూడు నెలల ప్యాకేజీ చెప్పాడు, లేచి వచ్చేశాను. ఫిజియోథెరపీకి 2021లో వచ్చిన కేంద్ర చట్టం కింద గుర్తింపు, నియమాలు ఉన్నాయి. ట్రైనర్లకు అలాంటిదేమీ లేదు కాబట్టి, ఎవరేమిటన్నది మనమే కనిపెట్టుకోవాలి. రెండో కుర్రాడు ఫిజియోథెరపిస్టు రాసిన కాగితం అడిగి తీసుకుని, ‘మీరు దేనికి భయపడుతున్నారు మేడం?’ అన్నాడు. టిన్ను సంగతి చెప్పాను. వారానికి రెండు చొప్పున 12 సిట్టింగులు, 7,200 రూపాయలు, ఆ తరువాత నేనే చేసుకోవాలి అని మాట అనుకున్నాం. ముగింపు తేదీ ముందే ఉండాలన్నది నా పట్టుదల.

మొదటి రెండు సిట్టింగులూ బరువే లేదు. ఒక కర్రను వీపు మీద నిలువుగా ఆనించి, తల, వీపు పైభాగం, పిరుదుల మధ్య ఎముక, ఈ మూడు చోట్లా అది వదలకుండా ముందుకు వంగమన్నాడు. నడుము గుండ్రంగా కాకుండా తుంటి దగ్గర మడత పడాలన్నమాట. మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లు కళ్లముందు మెదిలారు, కానీ రోజంతా అలా వంగే వాళ్ల నడుము నొప్పుల గురించి కూడా నాకు తెలుసు కనుక ఆ పోలికను అతనితో అనలేదు. తరువాత స్టూలు ఎత్తు నుంచి నాలుగు కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉండే ఇనుప గుండు), ఆపైన ఆరు, ఎనిమిది. నాలుగో సిట్టింగులో అతను తొందరపడి ఒక్కసారిగా 12 కిలోలు ఇచ్చాడు. ఆ రాత్రి పిక్క దాకా లాగింది. నొప్పి కిందికి దిగిందని తెలిసింది గనుక మరుసటి రోజే ఫిజియోథెరపిస్టును అడిగి, వారం పాటు మళ్లీ కర్ర దగ్గరికి వెళ్లాం. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే నేను అక్కడితో మానేసేదాన్ని.

ఆరు వారాల్లో నాకు కండలేమీ రాలేదు. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం, ఉన్న కండరాలను వాడుకోవడం నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్లనే వస్తుంది. కండ పెరగడానికి నెలలు పడుతుంది. నాకు కావలసింది ఆ మొదటి భాగమే కాబట్టి 12 సిట్టింగులు సరిపోయాయి. అదే ఆగస్టులో, కాలు మండుతున్నప్పుడు వెళ్లి ఉంటే డబ్బు దండగే గాక ఇంకా దెబ్బ తిని ఉండేదాన్ని. బరువు తగ్గాలనో, షుగర్ అదుపులోకి రావాలనో వెళ్లేవాళ్లకు ఆరు వారాల లెక్క సరిపోదేమో. నేను చెప్పగలిగింది ఒక నిర్దిష్టమైన భయంతో వెళ్లినవాళ్ల సంగతే.

పన్నెండో సిట్టింగు రోజున జిమ్ముకు సగం నీళ్లున్న టిన్ను తెప్పించాడు. గచ్చు మీంచి స్టూలు మీదికి, అక్కడి నుంచి బల్ల మీదికి, రెండు దశల్లో ఎత్తాను. నిండు టిన్నుకు ఇంట్లో మరో నెల పట్టింది. పంపు ఇప్పటికీ ఉంది. కాలేజీకి ఆలస్యమైన రోజుల్లో దాన్నే వాడతాను. మొన్న దాని చార్జింగ్ అయిపోతే మావారు లేవబోయారు గానీ, ఆయన నడుము గుండ్రంగా వంచడం చూసి నేనే ఆపి, కర్ర ఎక్కడుందో వెతకమన్నాను.