పచింకో మీద దుప్పటి

"అమ్మా, రేపు దాని మీద దుప్పటి కప్పుతావా?"

మావాడు అడిగింది ఇంతే. మర్నాడు వాడి స్నేహితుడు మొదటిసారి మా ఇంటికి వస్తున్నాడు. 'అది' అంటే దేవుడి గూడు అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు, జపాన్ బడి, ఇంట్లోనేమో అగరొత్తుల వాసన, పసుపు రాసిన గడప. ఏదో ఒక రోజు ఈ మాట వస్తుందని ఎన్నేళ్ళ నుంచో ఎదురు చూస్తున్నాను. జవాబు కూడా కూర్చి పెట్టుకున్నాను. మన సంస్కృతి, మన మూలాలు, సిగ్గుపడటం ఎందుకు, ఇలా. చివరి వాక్యం దగ్గర గొంతు కాస్త వణికితే బాగుంటుందని కూడా అనుకున్నాను.

వాడి వేలు దేవుడి గూడు వైపు లేదు. హాల్లో గోడవారగా నేను నిలబెట్టుకున్న పాత పచింకో యంత్రం వైపు ఉంది.

"అది మీ దేశం వస్తువే కదరా!" అన్నాను. 'మీ దేశం' అన్నది నోరు జారి వచ్చింది.

"జపాన్ వాళ్ళెవరూ దాన్ని ఇంట్లో పెట్టుకోరమ్మా. గైజిన్లే పెట్టుకుంటారు."

గైజిన్ అంటే బయటివాళ్ళు. ఆ మాటలో నన్ను కలిపాడు, తనను కలుపుకోలేదు. విననట్టే వెళ్ళి పప్పుకు తాలింపు పెట్టాను. ఆవాలు మాడిపోయాయి.

పచింకో చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జపాన్ ఆటశాలల్లో జూదంలా ఆడే ఆట ఇది. నిలువుగా నిలబెట్టిన చెక్క పెట్టె. ముందు అద్దం, అద్దం వెనుక వందలాది ఇత్తడి మేకులు. కుడి చేతి కింద మీట లాగి వదిలితే 11 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ పైకి ఎగిరి, మేకులకు తగులుతూ, దారి మార్చుకుంటూ కిందికి జారుతుంది. సరైన గూటిలో పడితే గంట మోగి పదిహేను గోళీలు బడబడా పళ్ళెంలో పడతాయి. లేకపోతే అడుగున ఉన్న రంధ్రంలోకి పోయినట్టే. నాది నిషిజిన్ కంపెనీవాళ్ళు 1970లలో చేసింది. ఏ ఆటశాలలోనో అరిగి, ఎవరి గోదాములోనో మగ్గి, ఇంటర్నెట్‌లో పాత సామాన్ల వేలంలో నా చేతికి వచ్చింది. బియ్యం బస్తాకే చోటు లేని ఇంట్లో ఇదేమిటని మా ఆయన ఒకసారి అడిగారు. రెండోసారి అడగలేదు, బియ్యం బస్తాను మంచం కిందికి తోశారు.

నేను మెకానికల్ ఇంజినీరును. నన్ను పడేసింది దాని ముందు భాగం కాదు, వీపు. వెనుక తలుపు తీసి చూడండి. గెలిచిన గోళీ ఒక కాలువ వెంట దొర్లుకుంటూ వచ్చి తన బరువుతో ఒక చిన్న పట్టీని నొక్కుతుంది. అయిదున్నర గ్రాముల బరువు, అంతే. ఆ పట్టీ కదిలితే పక్కన సరిగ్గా పదిహేను గోళీలు పట్టే గొట్టం ఒరుగుతుంది. ఒరుగుతూనే గంటను కొడుతుంది. ఖాళీ కాగానే వెనక్కి లేచి మళ్ళీ నిండుతుంది. లెక్కపెట్టేవాళ్ళు లేరు, కరెంటు లేదు. లైట్లకు మాత్రం బ్యాటరీ కావాలి. పిల్లలు పడుకున్నాక ఆ తలుపు తీసి ఆ పట్టీని వేలితో నొక్కుతూ కూర్చున్న రాత్రులు నాకున్నాయి.

నిలబెట్టడం మాత్రం ఒక యజ్ఞమే. టోక్యోలోని నిషికసాయ్‌లో మాది అద్దె ఇల్లు. గోడకు క్యాలెండరు పిన్ను గుచ్చితే మామూలు అరుగుదల కింద వదిలేస్తారు. స్క్రూ బిగించి లోపలి జిప్సం బోర్డును పాడుచేస్తే ఖాళీ చేసే రోజున ఆ ఖర్చు మనదే. ఇక్కడ అద్దెకున్నవాళ్ళందరూ చేసే ఉపాయమే నేనూ చేశాను. రెండు నిలువు దుంగలు తెచ్చి, పై చివర స్ప్రింగు టోపీలు తొడిగి, నేలకూ కప్పుకూ మధ్య బిగించాను. వాటికి అడ్డపట్టీలు, అడ్డపట్టీల మీద పెట్టె, పెట్టెలో యంత్రం. స్నానాల గది తూకం మీద పెడితే పదహారు కిలోలు తూగింది, గోళీలు కాకుండా. మూడు వందల గోళీలు పోస్తే మరో కిలోన్నర పైమాటే. ఇది పటం కాదు. వెనుక జానెడు మందాన కాలువలు, గొట్టాలు పొడుచుకుని వస్తాయి కాబట్టి గోడకు ఆనించలేరు. ఇరుక్కున్న గోళీని తీయాలంటే వీపు అందాలి. అందుకని బీరువా తలుపులా ఒక పక్కకు తెరుచుకునేలా బందులు వేశాను. మొదటి బందులు చిన్నవి, వారానికే కుంగాయి. ఎవరైనా పెట్టుకుంటే తలుపుకు వాడే పెద్దవే కొనండి. గొలుసు కూడా వేయండి, భూకంపాల దేశం.

వాలు సంగతి వేరే చెప్పాలి. నిట్టనిలువుగా పెడితే గోళీలు రాళ్ళలా రాలిపోతాయి. మరీ వెనక్కి వాలిస్తే మేకుల మీద బద్ధకంగా దొర్లుతాయి. ఒక డిగ్రీ అటూ ఇటూ, అంతే. రసమట్టం పట్టుకుని, అడుగున అట్టముక్కలు దోపుతూ ఒక ఆదివారమంతా గడిపాను. ఆ రోజు తెలుగు చదువు కోసం మావాడి పక్కన కూర్చుంటానని మాటిచ్చి ఉన్నాను. గుణింతాల పుస్తకం అట్ట చాలా గట్టిది. అది ఇప్పటికీ యంత్రం ఎడమ కాలు కిందే ఉంది.

చప్పుడుకు గంటలో దూది కుక్కాను, పళ్ళెంలో మందపాటి గుడ్డ పరిచాను. కింది ఇంట్లో ఉండే పెద్దావిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఇక్కడ ఏమీ అనకపోవడానికి చాలా అర్థాలుంటాయి. నాలుగేళ్ళ చిన్నదానికి గోళీలు అందకుండా పళ్ళానికి తాళం పెట్టాను. నోట్లో పెట్టుకుంటే గొంతుకు సరిగ్గా అడ్డం పడే సైజు.

ఇంత శ్రద్ధ తీసుకున్న నేను, సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర గాచా మరల ముందు పిల్లలను ఆగనివ్వను. నాణెం వేసి మర తిప్పితే ప్లాస్టిక్ గుండులో ఏదో బొమ్మ పడుతుంది. ఏది పడుతుందో తెలియదు. "అది జూదం, నడవండి" అంటాను. మూడు వందల యెన్లకు కప్ప బొమ్మ రావడం జూదం. ఆటశాలలో అరిగిపోయిన పచింకో యంత్రం కళ. దీపావళికి తెలుగువాళ్ళం కలిసినప్పుడు భోజనాలయ్యాక ఎవరైనా పేకముక్కలు తీస్తే చాలు, పిల్లల చెయ్యి పట్టుకుని లేచి వచ్చేస్తాను. నేనెందుకు లేస్తానో మా ఆయనకు తెలుసు, తక్కినవాళ్ళు నన్ను పొగరుబోతు అనుకుంటారు.

మా నాన్న పదమూడు ముక్కలాట ఆడేవారు. తెనాలిలో ఒక క్లబ్బు ఉండేది. జీతం వచ్చిన రోజు సాయంత్రం అమ్మ వీధి అరుగు మీద కూర్చునేది, కూరగాయలు తరుగుతున్నట్టు. ఒక్కోసారి తరిగిన బెండకాయలు అరుగు మీదే చీకటి పడేదాకా ఉండిపోయేవి. ఇంతకు మించి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావాడికి పాఠం మొదలుపెట్టాను. అడగకుండానే. యుద్ధం ముగిశాక తినడానికి తిండి లేని రోజుల్లో ఈ ఆట ఎలా పాకిందో, గెలిస్తే సిగరెట్లు, సబ్బులు, మిఠాయిలు ఎలా ఇచ్చేవారో చెప్పాను. నగోయాలో మసమురా తకెయిచి అనే ఆయన 1940ల చివర్లో మేకుల అమరికనే మార్చేశాడని, తర్వాతి యంత్రాలన్నీ ఆ అమరిక పిల్లలేనని చెప్పాను. గోళీ పడగానే రేకులు విప్పి, ఇంకొకటి పడితే ముడుచుకునే ట్యూలిప్ పువ్వులాంటి గూడు 1960లో వచ్చిందన్నాను. ఆటశాలలు మూసేశాక కుగిషి అనే పనివాళ్ళు చిన్న సుత్తితో మేకులను వెంట్రుకవాసి వంచుతారని, గోళీ గూటిలో పడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుందని కూడా చెప్పాను. వాడు అన్నం కలుపుతూనే వింటున్నాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను ఆ శాలల్లోకి రానివ్వరు. స్టేషను పక్క నుంచి వెళ్తుంటే తలుపులు తెరుచుకున్న ఆ రెండు క్షణాల హోరే వాడికి తెలుసు.

అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. 'గైజిన్లే పెట్టుకుంటారు' అన్నది లోపల గుచ్చుకుంటూనే ఉంది కదా, నా తురుపు ముక్క తీశాను.

"అసలు ఈ ఆటశాలలు నడిపేవాళ్ళలో చాలామంది ఎవరో తెలుసా? కొరియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. కొరియా జపాన్ చేతిలో ఉన్న రోజుల్లో వచ్చారు. యుద్ధం తర్వాత మంచి ఉద్యోగాలు వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. అందుకని ఇలాంటి వ్యాపారాల్లోకి దిగారు. మూడు తరాలు, నాలుగు తరాలు ఇక్కడే పుట్టారు, జపనీసే మాట్లాడతారు, అయినా వాళ్ళను ఇప్పటికీ..."

అక్కడ ఆగాను. ఆగేసరికే ఆలస్యమైంది.

ఈ దేశంలో పుట్టినంత మాత్రాన ఈ దేశపు పౌరులు కారు, అది తల్లిదండ్రుల నుంచి రావాలి. మావాడు పుట్టింది ఇక్కడే. వాడి రెసిడెన్స్ కార్డు నా పర్సులో, నా కార్డు వెనుక ఉంటుంది, గడువు తేదీతో సహా.

వాడు మజ్జిగ పోసుకున్నాడు. "అయితే నేను కూడా పచింకో కొట్టు పెట్టుకోవాలా?" అన్నాడు.

హాస్యమాడుతున్నాడో లేదో తెలియలేదు. జపనీస్‌లో అన్నాడు, ఆ భాషలో వాడి హాస్యం నాకు పూర్తిగా అందదు. మా ఆయన నవ్వారు. నేను గిన్నెలు తీశాను.

పడుకునే ముందు వాడి గదిలో దీపం ఆర్పడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ కదిపాను. పిల్లలను పదే పదే అడగకూడదని అందరికీ సలహా ఇస్తుంటాను. అయినా అడిగాను. "నీ స్నేహితుడు మనల్ని చూసి నవ్వుతాడనా?"

"కాదు. వాళ్ళ తాతయ్య రోజూ వెళ్ళేవాడట. వాళ్ళింట్లో ఆ మాట ఎత్తరు." కాసేపాగి అన్నాడు, "అమ్మమ్మ ఫోనులో తాతయ్య పేకాట సంగతి ఎత్తితే నువ్వూ తలుపు వేసుకుంటావు కదా."

దీపం ఆర్పి వచ్చేశాను. సంస్కృతి, మూలాలు, సిగ్గు మీద ఎన్నేళ్ళ నుంచో కూర్చిపెట్టుకున్న ప్రసంగంలో ఒక్క మాట కూడా పనికిరాలేదు.

హాల్లోకి వచ్చి యంత్రం ముందు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వీపే చూశాను, ఆ రాత్రి ముందువైపు చూశాను. అద్దానికి ముఖం ఆనించి చూస్తే పై వరుసలో, ట్యూలిప్‌కు కాస్త పైన, రెండు మేకులు పక్కవాటికంటే కొద్దిగా లోపలికి ఒరిగి ఉన్నాయి. పాతబడి వంగాయనుకునేదాన్ని. పాతబడి కాదు. ఎవరో సుత్తితో వంచారు. ఎవరి గోళీలో గూటి అంచుదాకా వచ్చి పక్కకు పోవాలని వంచారు. వాళ్ళ ఇళ్ళ దగ్గర కూడా ఎవరో ఏ కూరగాయలో తరుగుతూ కూర్చుని ఉంటారు. డబ్బు తీసేసి, హోరులో దూది కుక్కి, రసమట్టం పెట్టి నేను గోడవార నిలబెట్టింది దీన్ని.

మా పిల్లలకు నేను చూపించే తెలుగునేల కూడా ఇంతేనేమో. సంక్రాంతి అంటే గొబ్బెమ్మలు, హరిదాసు, ముగ్గు. కోడిపందేల బరిలో చేతులు మారే నోట్ల కట్టలు నా కథలో ఉండవు. మా నాన్న అంటే సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని సినిమాకు తీసుకెళ్ళిన నాన్న. క్లబ్బు ఉండదు. ఇదంతా అబద్ధమని అనను. అయితే పిల్లలకు ఎంత చెప్పాలి, ఏ వయసులో చెప్పాలి అని ఎవరైనా అడిగితే మొన్నటిదాకా నా దగ్గర గట్టి సమాధానం ఉండేది. మావాడికి జపాన్ వీపు నుంచి కాదు, ముందు నుంచి తెలుసు. స్నేహితుడి ఇంట్లో ఏ మాట ఎత్తకూడదో తెలుసు. పుస్తకాల్లో చదివి నేను వాడికి ఈ దేశం చరిత్ర చెప్పాను చూడండి, అదీ నా తెలివి.

మర్నాడు పొద్దున అమ్మ ఇచ్చిన పోచంపల్లి దుప్పటి తీసి కప్పాను. బూడిద రంగుది ఒకటి ఉంది, కనిపించకుండా కలిసిపోయేది. అది తీయబుద్ధి కాలేదు, అంతవరకు నా మొండితనం మిగిలే ఉంది. ఎరుపు, నలుపు చుక్కల అంచుతో యంత్రం పేరంటానికి ముస్తాబైనట్టు నిలబడింది. దాచినట్టు లేదు, ఊరేగింపుకు సిద్ధం చేసినట్టు ఉంది.

పిల్లవాడు వచ్చాడు. బూట్లు బయటికి తిప్పి పెట్టాడు, మావాడి బూట్లు కూడా సర్దాడు. జంతికలు బాగున్నాయని మూడుసార్లు అన్నాడు. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని ఏదో కార్డుల ఆట ఆడుకుంటున్నారు. పేకముక్కలు కావు, బొమ్మల కార్డులు. పొట్లం విప్పేదాకా లోపల ఏ కార్డు ఉందో తెలియని రకం. చూసీ ఊరుకున్నాను.

చిన్నది దుప్పటి కిందికి దూరింది. పళ్ళానికి తాళం పెట్టాను గానీ మీట సంగతి మరిచాను. లోపల మిగిలిపోయిన గోళీ ఒకటి ఎగిరి, మేకుల మీద టకటకా దిగి, ఎక్కడో గూటిలో పడింది. దూది కుక్కిన గంట దగ్గినట్టు మోగింది. పదిహేను గోళీలు గుడ్డ మీద దబదబా పడ్డాయి.

స్నేహితుడు తలెత్తి దుప్పటి వైపు చూశాడు. ఆ చప్పుడు ఏమిటో వాడికి తెలియకపోవడమన్నది ఉండదు. తర్వాత మావాడి వైపు చూశాడు. మావాడు జంతికల పళ్ళెం ముందుకు జరిపాడు. ఆ పిల్లవాడు ఒకటి తీసుకుని, చేతిలోని కార్డు కింద పెట్టాడు. నీ వంతు అన్నాడు.

ఆ పిల్లవాడు వచ్చి వెళ్ళి నాలుగు రోజులైంది. దుప్పటి తీయమని ఎవరూ అనలేదు, ఉంచమనీ అనలేదు. మా ఆయన దాని మీద తువ్వాలు ఆరేశారు. ఎల్లుండి ఆదివారం, దుప్పట్లు ఉతికే రోజు. అది కూడా తీసి వెయ్యాలా అని మావాణ్ణి అడగాలి.