విరేచనాలు తగ్గాయి సరే, ఆకలేది?

మా పాపకు ఏడాదిన్నర దాటిన కొత్తల్లో, 2025 వర్షాకాలంలో, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మేముండేది విశాఖపట్నం గాజువాక దగ్గర కూర్మన్నపాలెంలో. నాకు ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీలు. ఇప్పుడు పిల్ల ఇంటినిండా పరుగులు పెడుతోంది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. అప్పుడైతే ఎవరైనా ఫోన్ చేసి "పాపకెలా ఉంది" అన్నా చిరాకేసేది.

మొదట్లో అందరూ తేలిగ్గానే తీసుకున్నారు. పళ్ళొస్తున్నాయన్నారు, దిష్టన్నారు. మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. చూడ్డానికొచ్చిన బంధువొకాయన మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే ఇవే ఇచ్చారంటూ అట్టడబ్బాల్లో తియ్యటి డ్రింకులు పట్టుకొచ్చాడు. డబ్బా మీద పెద్దక్షరాలతో ఓఆర్‌ఎస్ అనే ఉంది, పక్కన యాపిల్ బొమ్మ. పాప ఇష్టంగా తాగింది. కాసేపటికే మోషన్లు నీళ్ళలా మొదలయ్యాయి. అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే ఒంట్లో నీటిని అటు లాగేస్తుందని తర్వాత తెలిసింది. అసలైన ఓఆర్‌ఎస్ ఎక్కువగా ప్యాకెట్టులో పొడిగా వస్తుంది. లీటరు ప్యాకెట్టైతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ప్యాకెట్టంతా కలపాలి. అందులో గ్లూకోజు లీటరుకు 13.5 గ్రాములే. పళ్ళరసాల డబ్బాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ ఏడాది అక్టోబరులో ఆదేశాలిచ్చింది. మంచిదే. మా పాప అప్పటికే తాగేసింది. ఆ డబ్బాలు చేసేవాళ్ళ ఇళ్ళలో చంటిపిల్లలుండరా అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ రోజు బి షిఫ్ట్ చేసుకుని నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. వాన. కరెంటు లేదు. నన్ను చూస్తే చాలు చేతులు చాచే పిల్ల, వాళ్ళమ్మ భుజం మీంచి తల కూడా ఎత్తలేదు. "సాయంత్రం వేసిన డైపరండీ, ఇప్పటికీ పొడిగానే ఉంది" అంది మా ఆవిడ. ఫోన్ లైటు వేసి చూస్తే కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తోంది. మూతి వంకర్లు తిరుగుతోంది, గొంతులోంచి సన్నటి మూలుగొస్తోంది, బుగ్గల మీద మాత్రం తడి లేదు. వేలితో కంటి కొన తడిమి చూశాను. ఏమీ లేదు. పిల్లకు కన్నీళ్ళు రావాలని ఏ తండ్రైనా కోరుకుంటాడా? ఆ రాత్రి నేను కోరుకున్నాను.

వెనక వీధిలో ఆటో నడిపే ఆయన్ని లేపాం. లుంగీ మీదే వచ్చేశాడు. గాజువాక దాకా ఎవరూ మాట్లాడలేదు. అత్త ఒక్కతే "సింహాద్రప్పన్నా, కొండకొచ్చి దీని జుట్టిస్తాం తండ్రీ" అని అంటూనే ఉంది. ఆటో ఆయన డబ్బులు పుచ్చుకోలేదు, తెల్లారేదాకా ఆస్పత్రి బయటే కూర్చున్నాడు.

డ్యూటీ డాక్టరు పాప పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టి వదిలాడు. మడత అలాగే ఉండి మెల్లగా సర్దుకుంది. ఒళ్ళు బాగా ఎండిపోయిందన్నాడు. చేతులకు నరం దొరకలేదు. కాస్త వయసు మళ్ళిన నర్సమ్మ ఒకావిడ వచ్చి పాదం మీద పట్టుకుంది. సెలైన్లూ పరీక్షలూ అన్నీ అయ్యాయి, వాటి సంగతి వదిలేద్దాం. తెల్లవారుజామున ఆ నర్సమ్మే డైపరు చేత్తో ఎత్తి చూసి "పోసింది బాబూ, ఇంక భయం లేదు" అంది. ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను, "ఛ, ఊరుకోండి" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. విరేచనాలు కట్టాయి, పిల్ల తిండి మానేసింది. చెంచా కనిపిస్తే చాలు పెదాలు బిగించేసేది. పప్పన్నం నెయ్యేసి మెత్తగా చేసినా, పెరుగన్నం పెట్టినా, చోడిపిండి (రాగిపిండి) జావ కాచినా అంతే. వచ్చినవాళ్ళంతా తలా ఓ చెయ్యి వేశారు. ఒకరు బుగ్గలు నొక్కి నోరు తెరిపిస్తే, ఇంకొకరు ఫోన్‌లో పాటలు పెట్టి ముద్ద కుక్కారు. కుక్కిందంతా కక్కేసేది. మందుల షాపతను ఆకలి పుట్టే సిరప్ అని ఒకటి తీసిచ్చాడు. చూస్తే సైప్రోహెప్టడిన్. రెండేళ్ళు నిండని పిల్లలకు అది వాడరు, పైగా నిద్రమత్తు. తిరిగిచ్చేశాను.

చూపించడానికి వెళ్ళిన రోజున జూనియర్ డాక్టరొకడు పాపను కాటా మీద పెట్టాడు. పది కిలోల పిల్ల తొమ్మిదికి దగ్గర పడింది. అతను తలెత్తకుండానే "ఇంట్లో ఏమీ పెట్టట్లేదా?" అన్నాడు. మా ఆవిడ అక్కడ ఏమీ అనలేదు, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అన్ని రాత్రులు నిద్రలేని మనిషిని అనాల్సిన మాటేనా అది?

పెద్ద డాక్టరుగారు మాత్రం ఓపిగ్గా చెప్పారు. పేగుల లోపలి పొర దెబ్బతింది, కోలుకోవడానికి సమయం పడుతుంది, ఆకలి దాని వెనకే వస్తుందన్నారు. జింకు మందు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులూ వేయమన్నారు. మోషన్లు ఆగాయి కదా అని చాలామంది మధ్యలోనే ఆపేస్తారట. పాలు రోజంతా పట్టొద్దు, అరలీటరు దాటనివ్వొద్దు, పాలతో పొట్ట నిండితే అన్నం వైపు చూడదన్నారు. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి, కనీసం రెండు వారాలు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టండి, అరగంటలో తినకపోతే గిన్నె తీసేయండి అన్నారు. "ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో పాప ఇష్టం" అన్నారు. మా అత్తకు ఆ మాట బొత్తిగా నచ్చలేదు. "పసిగుంటకి ఇష్టమేటి?" అంది.

చెంచా మానేశాం. చిన్న పళ్ళెంలో చక్కెరకేళి ముక్కలో, మెత్తటి ఇడ్లీయో పెట్టి దాని ముందుంచి మా పని మేం చూసుకునేవాళ్ళం. సగం నేలమీదే ఉండేది, చీమలు పట్టేవి. వచ్చినవాళ్ళను పాప తినేటప్పుడు దగ్గరికి రానివ్వలేదు. మొహం మీదే చెప్పాను, ఒకరిద్దరికి కోపమొచ్చింది కూడా. రానీ.

ఓ పొద్దున సి షిఫ్ట్ దిగి వచ్చి మినపరొట్టి తింటున్నాను. పాప నా మోకాలు పట్టుకుని నిలబడింది. నేను చూడనట్టే ఊరుకున్నాను. రొట్టి మధ్యలో మెత్తగా ఉన్న చోట వేలు గుచ్చింది, గిల్లింది, నోట్లో పెట్టుకుంది. మళ్ళీ గిల్లింది. నేను పళ్ళెం కొంచెం అటు జరిపాను. తిన్నంత తిని, చేతులు నా యూనిఫారానికి తుడిచి వెళ్ళిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తూ పొయ్యి మీద పాలు పొంగబెట్టింది.

ఆ తర్వాత ఒక్కరోజులో మారిపోలేదు. ఒక పూట తింటే రెండు పూటలు ఎగ్గొట్టేది. అయినా నెల తిరిగేసరికి గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

సంక్రాంతి వెళ్ళాక బూస్టర్ టీకాకు తీసుకెళ్తే ఆ జూనియరే మళ్ళీ తూచాడు. పదకొండు దాటింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. "బాగుంది, ఏం పెడుతున్నారు?" అన్నాడు. "మేమేం పెట్టట్లేదండీ, అదే తింటోంది" అంది మా ఆవిడ. అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం కడుపు నిండింది.

కొండ మొక్కు ఇంకా బాకీ ఉంది. చందనోత్సవం రద్దీ తగ్గాక వెళ్దామని నేనంటే, అప్పన్నతో బేరాలేటి బాబూ అంటోంది అత్త.